బొట్టు పెట్టిన డిస్కులు

మా ఆఫీసులో బుద్ధిలేని పనికి కూడా హోదాను బట్టి పేరు మారుతుంది. కింది ఉద్యోగి చేస్తే అది తప్పు. మేనేజర్ చేస్తే అది ప్రాసెస్. అందుకే ఓంకార్ ఇన్నేళ్లలో ఒక్క తప్పు కూడా చేయలేదు.

ఓంకార్ మా అడ్మిన్ మేనేజర్. కోకాపేట టవర్‌లో మా కంపెనీకున్న ఐదు అంతస్తుల్లో కుర్చీ విరిగినా, ఏసీ కారినా, కెమెరా ఆగినా ఆయన దగ్గరికే పోవాలి. నా పేరు శ్రీలత. కంపెనీ ఫైళ్లు ఏ డిస్కుల మీద ఉన్నాయో, ఆ డిస్కులు బతికున్నాయో చచ్చాయో చూసే పని నాది. పద్నాలుగేళ్ల నుంచి అదే చేస్తున్నాను. అన్నీ బాగా నడిచినన్ని రోజులు నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా పోయిన రోజు మాత్రం ఛైర్మన్ నుంచి చాయ్ తెచ్చేవాడి దాకా అందరికీ నా నంబరు తెలుస్తుంది.

ఆ గురువారం పొద్దున పదకొండింటికి ఓంకార్ ఒక ఫారం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"మేడం, జర గిక్కడ ఒక డిస్క్ నంబరు రాసి సంతకం పెట్టుండ్రి. మూడింటికి డిస్కులు నలగ్గొట్టే బండి వస్తది."

సంగతి నాకు కొంత తెలుసు. రెండు వారాల క్రితం బుధవారం నాడు మా డైరెక్టర్ సీతారామయ్య గారి చేతి గడియారం పోయింది. మూడో అంతస్తు ప్యాంట్రీలో కాఫీ తాగుతూ, చేతులు కడుక్కునేటప్పుడు సింకు పక్కన పెట్టి మరిచిపోయానన్నారు. ఆ పూట ప్యాంట్రీ తుడిచింది హౌస్‌కీపింగ్ సత్తెమ్మ. అంతే, తీర్పు అయిపోయింది. "సత్తెమ్మ, హౌస్‌కీపింగ్, అనుమానం ఉంది" అని మేనేజర్లందరికీ మెయిల్ వెళ్లింది. గడియారం సింకు దగ్గర ఉందని ఎవరు చూశారో, సత్తెమ్మ తీసిందని ఎవరు చూశారో ఆ మెయిల్లో లేదు.

సత్తెమ్మ మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే మాట మీద ఉంది. ప్యాంట్రీ తలుపు ఎదురుగా కెమెరా ఉంది కదా, అది చూడండి అంటోంది.

చూద్దామంటే చూడలేం. ఆ రోజుల్లో రికార్డింగులు పాత మిషన్‌లోకి పోయేవి. దానికి లైసెన్సు పోయిన నెలలో అయిపోయింది. రికార్డింగు ఆగలేదు, ఫైళ్లు కనబడతాయి, కానీ తెరుచుకోవు. ఆ మిషన్ చేసిన కంపెనీ వాళ్ల ల్యాబులోనే తెరవాలి. ఇంతలో కొత్త మిషన్ వచ్చింది. పాతదాంట్లోని ఆరు డిస్కులనూ నలగ్గొట్టి, నలగ్గొట్టినట్టు సర్టిఫికెట్ పంపాలని అమెరికా క్లయింటు షరతు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఉద్యోగం ఊడుతుంది. చివరికి సీతారామయ్య గారు పెద్ద మనసు చేసుకుని ఒక్క డిస్కును ఉంచుకోవచ్చన్నారు. దాని సీరియల్ నంబరు ఫారం మీద రాసి, సీలు వేసి ల్యాబుకు పంపాలి. తక్కిన ఐదూ మూడింటికి పిండి కావాలి.

ఆ ఒక్కటీ సరైనది కాకపోతే సత్తెమ్మ పని అయిపోయినట్టే. సాక్ష్యం దొరకని పక్షంలో పోలీసు ఫిర్యాదు ఇస్తామని, పనిలోంచి తీసేస్తామని ఆమెను పంపిన హౌస్‌కీపింగ్ ఏజెన్సీకి ముందే రాసి పంపారు.

"ఏ డిస్కో మీకు తెలిసిందా?" అన్నాను.

"దీంట్ల పరేషాన్ ఏమున్నది మేడం? అడ్రసులనే రాసి ఉంది గదా." ఓంకార్ కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. డిస్క్3, దాని లోపల ఫ్లోర్3, దాని లోపల క్యామ్07, అంటే ప్యాంట్రీ ఎదుటి కెమెరా. "డిస్క్ మూడు. అంటే మూడో అర. మూడో అరల ఉన్నది తీసి పక్కకు పెడితే అయిపాయె."

నా ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్ల సర్వీసు, ఎంబీఏ, గోడ మీద మూడు అవార్డులు. ఇదీ తెలివి.

"ఓంకార్ గారూ, చందానగర్‌ల మా వెనక వీధిల శాంతి నిలయం అని ఒక ఇల్లున్నది. పొద్దున లేస్తే ఆ ఇంట్ల కొట్లాటే. బోర్డు మీద పేరు చూసి లోపల ఏమున్నదో చెప్పొద్దు. డిస్క్3 అనేది ఫోల్డర్‌కు ఎవరో పెట్టిన పేరు. అది ఏ అరల ఉన్న డిస్కో మిషన్‌ను అడగాలె."

"మీరు పెద్ద పెద్ద మాటలు చెప్తరు మేడం. మూడంటే మూడే గదా?"

"కాదు."

ఒక సంగతి దాచకుండా చెబుతాను. నేను లేచి సర్వర్ రూముకు నడిచింది సత్తెమ్మ మీద జాలితో కాదు. అప్పటికి ఆమె మొహం కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు. ఓంకార్ తప్పని అతని మొహం మీదే తేల్చాలని వెళ్లాను.

సర్వర్ రూములో ఆ పాత మిషన్ కింద మూలన ఉంది. ముందు వైపు సొరుగుల్లా బయటికి వచ్చే ఆరు అరలు, ఒక్కో అరలో మరలతో బిగించిన ఒక డిస్కు. ఓంకార్ నా వెనకే నిలబడి చేతులు కట్టుకున్నాడు. నేను కీబోర్డు లాక్కుని, డిస్క్3 లోపలి ఫ్లోర్3 ఫోల్డరును చూపించి, ఇది ఏ డిస్కు మీద ఉందో చెప్పమని అడిగాను. ఒక్క లైను. జవాబు రావడానికి కన్ను మూసి తెరిచేంత సేపు పట్టింది. ఆ డిస్కు ఫ్యాక్టరీ సీరియల్ నంబరు అడిగాను, చెప్పింది. ఏ అరలో ఉందో అడిగాను.

నాలుగో అర.

"చూసిన్రా? మూడు కాదు, నాలుగు," అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినబడింది.

అంతటితో ఆగకుండా తక్కిన ఐదింటికీ ఏ పేరు డిస్కు ఏ అరలో ఉందో, దాని నంబరేంటో ఫారం వెనక రాసుకున్నాను. మిషన్ బిగించిన మహానుభావుడెవడో చేతికొచ్చినట్టు బిగించాడు, ఒక్క పేరు కూడా అర నంబరుతో కలవదు. డిస్క్1 ఉన్నది మూడో అరలో. ఓంకార్ మాట విని ఉంటే మొదటి అంతస్తు కెమెరాలు ల్యాబుకు పోయేవి. ఫారానికి జత చేయాలి కాబట్టి ఫ్లోర్3 ఫోల్డరు లోపల ఏమేమున్నాయో జాబితా ప్రింటు కూడా తీశాను. పన్నెండు కెమెరాలు, పన్నెండు లైన్లు. దాంట్లో చూసేదేముంది?

మిషన్ ఆపి నాలుగో అరలోని డిస్కు బయటికి లాగాను. లాగి అలాగే నిలబడిపోయాను.

డిస్కు మీద పసుపు పూసి ఉంది. ఆ పసుపు మీద నాలుగు కుంకుమ బొట్లు.

"ఇదేంది?"

"ఆయుధపూజ మేడం," అన్నాడు ఓంకార్ ఎంతో మామూలుగా. "దసరాకు మీరు లీవుల ఉంటిరి. అన్ని మిషన్లకు చేపిచ్చిన. డిస్కులు తీసి, తుడిచి, బొట్టు పెట్టి మళ్లా పెట్టిచ్చిన. ఎక్కడిదక్కడనే పెట్టాలె అని గట్టిగ చెప్పిన."

"పనిచేస్తున్న రికార్డరు ఆపి, డిస్కులు పీకి, పసుపు నీళ్లు పూసిన్రా?"

"దేవుని పని మేడం. గట్ల అనొద్దు."

దేవుడి మీద నాకు కోపమేమీ లేదు. మా ఇంట్లో బండికి, మిక్సీకి, కుట్టుమిషన్‌కు నేనే బొట్టు పెడతాను. కానీ బొట్టు సరిగ్గా సీరియల్ నంబరున్న స్టిక్కరు మీదే పెట్టాలా? పసుపు తడికి కాగితం ఉబ్బి పైపొర లేచిపోయింది. ఇంకా నయం, చివరి నాలుగు అంకెలు కనబడ్డాయి. నా కాగితంతో పోల్చాను. అతికినట్టు సరిపోయాయి. ఆ నంబరు ఫారం మీద రాసి, సంతకం పెట్టి, డిస్కును కవరులో పెట్టి సీలు వేశాను.

"ఎవరు పూసిన్రు ఇది?"

"ఇంకెవరు? ఆ సత్తెమ్మనే."

నవ్వు వచ్చింది నాకు. ఆమెను కాపాడే డిస్కు మీద నంబరు చెరిపింది కూడా ఆమేనన్నమాట. చదువు లేకపోతే ఇట్లాగే ఉంటుందని మనసులో అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అనుకున్నది అనుకున్నట్టే రాయాలి కదా.

మూడింటికి సెల్లార్‌లో బండి ఆగింది. బండి మీద ఒక ఇనుప పెట్టె, దానికి చిన్న తలుపు, పక్కన ఆకుపచ్చ బటను. ఆ బండి మనిషి పేరు లింగయ్య, నలభై దాటినవాడు, మాట తక్కువ. మిగిలిన ఐదు డిస్కులనూ పైనుంచి అరలతో సహా తెచ్చి, మరలు విప్పి, అరల నుంచి వేరు చేసి, ఒక ప్లాస్టిక్ టబ్బులో పడేశాడు. అన్నింటి మీదా పసుపే. ఒకదానికి ఒక బొట్టు, ఇంకోదానికి ఆరు. పసుపు కుంకుమ మిగిలిపోతాయేమోనని చేతికొచ్చినన్ని పెట్టినట్టుంది.

"నంబర్లు కనవడ్తలేవు సార్. సర్టిఫికెట్ల ఏం రాయాలె?" అన్నాడు లింగయ్య.

"డిస్కులు ఐదు అని రాయి. చాలు," అన్నాడు ఓంకార్. ప్రాసెస్!

సత్తెమ్మ అక్కడే స్తంభం పక్కన బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. నీలం యూనిఫాం, మెడలో కార్డు. ఫారం మీద ఆమె సంతకం కూడా కావాలని పిలిపించారు. రెండు వారాలుగా ఆమెను ఏ అంతస్తులోకీ పోనివ్వడం లేదు. రోజూ బోరబండ నుంచి వచ్చి, ఆ డబ్బా మీద కూర్చుని, సాయంత్రం పోతోందట. రాకపోతే పారిపోయిందని రాస్తామన్నారట.

ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. కాదు, మండిపడుతూ ఉంది.

"పోలీస్ టేషన్ల పేరెక్కినంక ఇగ ఏ టవర్ల పనిస్తరు నాకు?" అంది నన్ను చూడగానే, ఆ మాట ఎప్పటి నుంచో నోట్లో పెట్టుకున్నట్టు. "ఇరువై ఏండ్ల సంది ఈ చేతులతోని ఎన్ని బంగారు గొలుసులు దొరికితే తెచ్చి ఇచ్చిన్నో ఎవలకన్న ఎరుకనా? ఒక్కనాడు ఒక్కడు నా పేరు రాసిండా? ఇప్పుడు రాసిన్రు."

"ఇప్పుడు ఫికర్ లేదు సత్తెమ్మా. నీ డిస్కు నేనే కనిపెట్టిన," అన్నాను కవరు చూపించి. ఆ మాటలోని గొప్ప నాకిప్పుడు తలుచుకుంటే తల కొట్టుకోవాలనిపిస్తుంది. "ఇక్కడ సంతకం పెట్టు."

వెనక లింగయ్య మొదటి డిస్కు పెట్టెలో పెట్టి బటను నొక్కాడు. పటుక్కుమంది. మధ్యలోకి వంగిపోయిన ఇనుప ముక్క బయటికి వచ్చింది.

సత్తెమ్మ పెన్ను తీసుకుంది కానీ సంతకం పెట్టలేదు. ఫారం అంతా తిరగేసింది. జత చేసిన జాబితా కాగితం దగ్గర ఆగింది. ఇంగ్లీషు చదవడం రాదు ఆమెకు, అంకెలు వచ్చు. వేలితో ఒక్కో లైనూ దిగుతూ పోయింది. నాకు విసుగు పుట్టింది.

"దాంట్ల నీకేం అర్థమైతది? సంతకం పెట్టు, టైం అయితుంది."

"నా కెమెరా ఏడో నంబరు గదా?"

"ఔను."

రెండోసారి పటుక్కుమంది.

"పన్నెండు లైన్లల్ల ఒక్క ఏడు కాడనే బాణం ఉన్నది. ఇంక దేనికి లేదు. గీ బాణం ఎటు పొమ్మంటుంది?"

"ఏ బాణం?"

కాగితం లాక్కుని చూశాను. క్యామ్07, దాని పక్కన ఒక బాణం గుర్తు. బాణం తర్వాత డిస్క్5, ఓవర్‌ఫ్లో, క్యామ్07.



ఆ బాణం పెట్టింది నేనే. రెండేళ్ల క్రితం జూన్ నెలలో డిస్క్3 నిండిపోయింది. అన్నింటికంటే ఎక్కువ జాగా తింటున్నది ఏడో కెమెరా. దాని ఫోల్డరును డిస్క్5 మీదికి మార్చి, పాత చోట ఒక దారి గుర్తు వదిలాను. ఇల్లు మారినవాళ్లు పాత తలుపు మీద కొత్త చిరునామా అంటించినట్టు. పేరు మాత్రం పాత చోటే కనబడుతుంది. ఫైలు అక్కడ ఉండదు. పది నిమిషాల పని, చేసి మరిచిపోయాను.

ఇవాళ నేను మిషన్‌ను అడిగింది ఫ్లోర్3 ఎక్కడుందని. క్యామ్07 ఎక్కడుందని అడగలేదు. ఇంకొక్క మాట కలిపి ఆ ఫోల్డరునే చూపించి అడిగి ఉంటే అది నిజమే చెప్పేది. బోర్డు చూసి చెప్పొద్దని పొద్దున ఓంకార్‌కు పాఠం చెప్పిన మనిషిని, గడప దాకా వెళ్లి లోపలికి తొంగి చూడకుండా వచ్చాను.

"ఆపు!" అని అరిచాను. సెల్లార్ అంతా మోగింది. "లింగయ్యా, ఆపు!"

మూడో డిస్కు అప్పటికే పెట్టెలో ఉంది. తలుపు వేసి ఉంది. లింగయ్య బటను మీది చేయి తీశాడు.

"మళ్లా ఏమైంది మేడం?" ఓంకార్ వచ్చాడు.

"ఇది కాదు. డిస్క్3 కాదు. ఫైలు డిస్క్5 మీద ఉన్నది. తప్పు నాది."

ఓంకార్ మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. పాపం, ఎన్నాళ్ల నుంచి ఎదురుచూశాడో.

"శాంతి నిలయం అంటిరి గదా మేడం?" అన్నాడు. "మిషన్‌ను అడగాలె అంటిరి. అడిగిన్రు గదా మరి?"

ఆ దెబ్బ నాకు పడాల్సిందే.

ఫారం వెనక నేను రాసుకున్నది చూశాను. డిస్క్5 ఉన్నది రెండో అరలో. నంబరు కూడా ఉంది. కానీ అరలు ఇప్పుడు ఎక్కడున్నాయి? లింగయ్య విప్పి ఒక మూలన కుప్ప పోశాడు. టబ్బులో రెండు డిస్కులు, పెట్టెలో ఒకటి, నేల మీద వంగిపోయినవి రెండు. ఈ ఐదింటిలో ఏది రెండో అరలోంచి వచ్చింది? నేల మీద మోకాళ్లతో కూర్చుని టబ్బులోంచి ఒకటి తీసి స్టిక్కరు రుద్దాను. పసుపుతో పాటు కాగితం కూడా ఊడి వచ్చింది. అంకెలు పోయాయి.

"లింగయ్యా, ఏది ముందు విప్పినవో గుర్తున్నదా?"

"లేదు మేడం. టబ్బుల ఏసిన, చేతికొచ్చింది తీసిన."

"మేడం, ఫారం మీద ఒక నంబరు రాసిన్రు, సంతకం పెట్టిన్రు," అన్నాడు ఓంకార్. "అది పంపుదాం. లింగయ్య మూడున్నరకు గచ్చిబౌలిల ఉండాలె. ఇగ దీన్ని మళ్లా మిషన్‌కు పెట్టి చూసేంత టైం లేదు. పర్మిషన్ లేదు."

"అది తప్పు డిస్కని తెలిసి పంపుతరా?"

"ల్యాబుల ఏం లేదని చెప్తరు. ఫైలు క్లోజ్ అయితది."

ఫైలు క్లోజ్ అవుతుంది. మనిషి అక్కడే మూడడుగుల దూరంలో నిలబడి వింటోంది.

నాకు ఏడుపు వచ్చింది. కోపంతోనో సిగ్గుతోనో తెలియదు. చేతినిండా పసుపు, గోళ్ల నిండా కాగితం పేలికలు. పద్నాలుగేళ్ల అనుభవం ఆ టబ్బు ముందు ఎందుకూ పనికిరాలేదు.

"మీకు ఏ అరది గావాలె?" అంది సత్తెమ్మ నా నెత్తి మీద నుంచి.

"రెండో అరది."

"మరి రెండు బొట్లది చూడు."

తలెత్తి చూశాను.

"ఆనాడు దసరాకు గీ సారు నా మీద ఒర్రిండు. ఎక్కడిదక్కడ పెట్టకుంటే మిషన్ ఖరాబైతది, నీ ఉద్యోగం పోతది అన్నడు. అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి, మీ రాతలు నాకు రావు. ఏం చెయ్యాలె? ఒకటో అరకెల్లి తీసినదానికి ఒక బొట్టు, రెండో అరకెల్లి తీసినదానికి రెండు. ఆరో దానికి ఆరు. లెక్క పెట్టుకోని మళ్లా గదే అరల పెట్టిన. బొట్లు ఉత్తగనే పెడ్తరా ఎవలన్న?"

పిచ్చిదానిలా కవరు సీలు చింపాను. నాలుగో అరలోంచి నా చేతులతో నేనే లాగిన డిస్కు. దాని మీద నాలుగు బొట్లు.

నేల మీద వంగిపోయినవి తిప్పి చూశాను. ఇనుము మడత పడింది కానీ కుంకుమ చెదరలేదు. ఒకదాని మీద ఒకటి, ఇంకోదాని మీద ఐదు. టబ్బులో ఉన్నవి చూశాను. మూడు. ఆరు.

"పెట్టె తెరువు," అన్నాను లింగయ్యతో.

అతను తలుపు తీసి, లోపలి డిస్కును బయటికి తెచ్చి, నా చేతిలో పెట్టాడు. పసుపు మీద పక్కపక్కనే రెండు బొట్లు. ఇంకొక్క క్షణం బటను మీద చేయి ఉండి ఉంటే ఆ రెండు బొట్లూ కూడా నేల మీద ఉండేవి.

ఫారం మీద పాత నంబరు కొట్టేసి, నా కాగితంలోంచి రెండో అర నంబరు రాశాను. పక్కన "తప్పు రాసింది నేను, సరిచేసింది సత్తెమ్మ" అని రాసి సంతకం పెట్టాను. ఓంకార్ అది చదివి, అంత వివరం అక్కర్లేదు మేడం అన్నాడు. ఉండనీయండి అన్నాను. రెండు బొట్లదాన్ని ల్యాబు కవరులో వేసి, నాలుగు బొట్ల డిస్కును నేనే తీసుకెళ్లి పెట్టెలో పెట్టాను.

సత్తెమ్మ ఇప్పుడు సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇస్తూ నా మొహంలోకి చూసింది.

"అంత సదువుకున్నరు గదమ్మా," అంది. "గంత పెద్ద బాణం కనవడలేదా?"

థ్యాంక్స్ చెబుతుందని నేను అప్పటికీ ఎక్కడో ఎదురుచూస్తున్నాను. ఎంత సిగ్గులేని మనిషిని!

ఎనిమిది రోజులకు ల్యాబు నుంచి రికార్డింగు వచ్చింది. మీటింగ్ రూములో పెద్ద తెర మీద వేశారు. సీతారామయ్య గారు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ బుధవారం పదకొండు నలభై రెండుకు ఆయన ప్యాంట్రీలోకి వెళ్లారు. పదకొండు నలభై తొమ్మిదికి బయటికి వచ్చారు. తలుపు దగ్గర ఆగారు. ఎడమ చేయి పైకెత్తి టైము చూసుకున్నారు. చేతికి గడియారం ఉంది. తెర మీద మా అందరి కంటే పెద్దగా కనబడింది ఆ గడియారం.



"అయ్యో, అవునండీ," అన్నారు సీతారామయ్య గారు. "అయితే ఇంట్లోనే ఎక్కడో పెట్టుంటానండీ. సారీ ఓంకార్ గారూ, మీకు శ్రమ ఇచ్చాను."

శ్రమ ఓంకార్‌కట! మర్నాడు అది ఆయన ఇంట్లోనే, ట్రెడ్‌మిల్ మీద నీళ్ల సీసా పెట్టే గుంటలో దొరికింది. ఆ మధ్యాహ్నమే మేనేజర్లందరికీ రెండు లైన్ల మెయిల్ వెళ్లింది. పోయిందనుకున్న వస్తువు దొరికింది, ఈ విషయం ముగిసింది, సహకరించిన అందరికీ కృతజ్ఞతలు.

నాలుగింటికి సత్తెమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. మళ్లీ డ్యూటీ ఇచ్చారు, చేతిలో తుడుపు కర్ర ఉంది.

"మెయిల్ వచ్చిందంట గద. సదువు."

చదివి తెలుగులో చెప్పాను.

"దాంట్ల నా పేరున్నదా?"

"లేదు."

"దొంగ అన్ననాడు పేరు రాసిన్రు," అంది. గొంతు పెంచలేదు. "దొంగ కాదన్ననాడు ఎందుకు రాయలే?"

ఆ మెయిలుకు అందరికీ జవాబు వెళ్లేలా నొక్కి, తెలుగులోనే టైపు చేశాను. మా ఆఫీసులో ఎవరూ తెలుగులో మెయిల్ రాయరు, బర్త్‌డే శుభాకాంక్షలు కూడా ఇంగ్లీషులోనే. నేనేం రాస్తున్నానో ఆమె కూడా వినాలి కదా. "గడియారం సత్తెమ్మ తీయలేదు. సత్తెమ్మ దొంగ కాదు. కెమెరాలో చూశాం." పైకి చదివి వినిపించాను.

సత్తెమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏ సత్తెమ్మ? ఈ టవర్ల నలుగురమున్నం. రేపు ఎవలన్న ఆ సత్తెమ్మ వేరే, ఈ సత్తెమ్మ వేరే అంటే ఏం జేస్తవు? పేరు ఒక్కటి సాలదు. నంబరు రాయి."

మెడలోని కార్డు తీసి కీబోర్డు పక్కన పెట్టింది. కార్డు చూడకుండానే అంకెలు ఒక్కొక్కటీ చెప్పింది. నాలుగు, సున్నా, ఒకటి, ఏడు, ఏడు, రెండు. కొట్టాను. కొట్టాక పంపబోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది.

"కలిపి చూడు," అంది.

తెర మీద ఒక అంకె, కార్డు మీద ఒక అంకె, వేలు పెట్టి ఆరూ కలిపి చూశాను. ఆమె కూడా వంగి నా వేలితో పాటు చూసింది.

"ఆఁ. ఇగ పంపు."